పట్టుకుంటేనే వచ్చిన బొమ్మ

కోరుట్లలో మా పాత ఇంటి వంటగది స్లాబు కారుతోందని కిరాయికున్నవాళ్లు రెండు వానకాలాలుగా మొత్తుకుంటున్నారు. మొన్న ఎండాకాలం సెలవుల్లో ఇక తప్పదని బయల్దేరాను. నేను జగిత్యాలలో బడిపంతులమ్మను, అమ్మ నా దగ్గరే ఉంటుంది. "నేను గూడ అస్త. నువ్వు మేస్త్రీతోని కొట్లాడుడే గని పని జేపియ్యవు" అని నాకంటే ముందే బస్సెక్కి కిటికీ పక్క సీటు పట్టుకుంది. ఈ కొట్లాట గుణం నాకు ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఆమె ఎప్పుడూ ఆలోచించదు.

పగలగొట్టే ముందు స్లాబు మీదున్న చెత్తంతా దించాలి కదా. మూత లేని డ్రమ్ము, కాలు విరిగిన కుర్చీ, ఎవరివో ఒంటి చెప్పులు, వాటితోపాటు పిట్టగోడకు రెండు ఇనుప పట్టీలతో బిగించిన టీవీ ఏంటెన. దాని పుల్లలు సగం ఊడిపోయాయి, ఉన్న సగానికి పతంగుల దారం చుట్టుకుని ఉంది. "మేడం, దీన్ని పాత సామానోనికి ఏద్దామా?" అని మేస్త్రీ అడిగాడు. వెయ్యమన్నాను. కూలీలు బోల్టులు విప్పి పైపును వాకిట్లోకి దించి అడ్డంగా పడేసేసరికి, దాని అడుగు కొసలోంచి గుడ్డపీలిక ఒకటి, దాని వెనకే వేలెడంత పొట్లం ఒకటి జారిపడ్డాయి. బీడీలకు కట్టే దారంతో గట్టిగా చుట్టిన ప్లాస్టిక్ కవరు అది.

దారం పళ్లతో తెంపి విప్పాను. లోపల నోటుబుక్కు కాగితం. మడతల దగ్గర పసుపుబారింది గానీ అక్షరాలు చెడలేదు. నా చేతిరాతే! పందొమ్మిదేళ్ల వయసులో, ఉద్యమం రోజుల్లో, ఇల్లు విడిచి హైదరాబాదు వెళ్లిపోదామని తయారై అమ్మకోసం నేను రాసిపెట్టిన కాగితం. ఇన్నేళ్లూ అది ఎక్కడో జారిపోయిందనుకున్నాను. బట్టలుతికే బండమీద కూర్చున్నాను. అమ్మకు చదువు రాదు. మరి ఈ కాగితం ఆ పైపులోకి ఎలా పోయింది? అమ్మ వాకిలి అవతల కిరాయిదారు కోడలికి చింతపండు ఎలా నిలవ చెయ్యాలో చెబుతోంది. అప్పుడే ఆమెను పిలవలేదు. నాకు కాసేపు ఆ పైపుతో పని పడింది.

ఆ ఏంటెనను కట్టించింది బాపు. దుబాయి నుంచి సెలవు మీద వస్తూ టీవీ డబ్బాను బొంబాయి నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ముందు రెండర్రలూ పెంకుటిల్లు, వెనక వంటగదికి మాత్రం బాపు పంపిన పైసలతో స్లాబు పడింది. ఏంటెన పెట్టడానికి గౌస్ మామ వచ్చాడు. బస్టాండు దగ్గర ఆయనకు రేడియోలు, టీవీలు బాగుచేసే చిన్న డబ్బా ఉండేది. అమ్మ ఆయన్ను అన్నా అనేది, ఆయన అమ్మను చెల్లె అనేవాడు, కాబట్టి నాకు మామ అయ్యాడు. ఉర్దూ బడిలో చదివినవాడు. తెలుగు మాట్లాడితే మాకంటే బాగా మాట్లాడతాడు గానీ, చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కునేవాడు. ఆ రోజు పైపును తూర్పుకు తిప్పి, "జగిత్యాల దిక్కు మొఖం పెట్టాలె బేటా. గాడికెల్లే అస్తది బొమ్మ" అని నాకు నేర్పాడు. కింద టీవీ ముందు అమ్మ, వాకిట్లో బాపు, పైన మామ. "అచ్చిందా?" "రాలే!" "ఇప్పుడు?" "అచ్చింది... పోయింది!" ఆ మాటలు సాయంత్రం దాకా మా వాడకంతా వినపడ్డాయి.

ఆ తర్వాత మా ముందర్ర వాడలోని బీడీలు చుట్టే ఆడవాళ్లందరిదీ అయింది. తడిగోనెలో చుట్టిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, ఒళ్లో చాటలు, కత్తెరల చప్పుడు. కళ్లు టీవీ మీద ఉన్నా వేళ్లు మాత్రం ఆగేవి కావు. గాలి వీస్తే బొమ్మ పోయేది. అప్పుడు పైకెక్కేది నేను. చిత్రమేమిటంటే నేను పైపు పట్టుకుంటే బొమ్మ వచ్చేది, వదిలితే మళ్లీ ఈగలు ముసిరినట్టు చుక్కలు. మనిషి ఒళ్లు కూడా ఏంటెన లాంటిదేనని గౌస్ మామ చెప్పాడు. అమ్మకు ఆ వివరం అక్కర్లేదు. "నా బిడ్డ చెయ్యి పడితెనే అస్తది" అని అందరి ముందు గొప్పలు పోయేది. నేను పైన ఎండలో నిలబడి, కింద వాళ్లు చూస్తున్నదానికి నవ్వుతుంటే విని, ఏం జరిగిందో తెలియక ఉడుక్కునేదాన్ని. నా చిన్నతనంలో సగం టీవీ నేను విన్నదే, చూసింది కాదు.

కేబుల్ వచ్చాక ఏంటెనను ఎవరూ పట్టించుకోలేదు. అమ్మ దానికీ ఎదురు పిట్టగోడకూ తాడు కట్టి బట్టలారేసేది. నేను డిగ్రీలో చేరి రోజూ జగిత్యాల బస్సు ఎక్కడం మొదలుపెట్టాను. రెండో ఏడుకు వచ్చేసరికి క్లాసులు లేవు, ఉద్యమమే ఉంది. రోడ్ల మీద బతుకమ్మలాడాము, రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తిన్నాము. సరిత నా బెంచీ స్నేహితురాలు. దాని గొంతు పెద్దది, నా రాత బాగుంటుంది. నినాదాలు నేను రాస్తే అది అరిచేది. అమ్మకు తెలంగాణ వద్దని కాదు. దీక్షా శిబిరానికి చాట పట్టుకుని పోయి, అక్కడే కూర్చుని బీడీలు చుట్టిన మనిషి ఆమె. "మా పిల్లలకు నౌకర్లు రావాలె, మా నీళ్లు మాకు రావాలె" అని మైకు పట్టుకున్నవాళ్ల కంటే గట్టిగా చెప్పేది.

అయితే టీవీలో పొద్దస్తమానం ఇంకో వార్త వచ్చేది. తెలంగాణ కోసమని ప్రాణం తీసుకున్న పిల్లల వార్త. హాల్ టికెట్టు మీది ఫోటోలు పెద్దవి చేసి చూపించేవాళ్లు. అలాంటి ఫోటో వచ్చినప్పుడల్లా అమ్మ చేతిలో సగం చుట్టిన బీడీ ఆగిపోయేది. "ఏ తల్లి కన్నదో" అని ఒక్క మాట అని, నా వైపు చూసేది. ఆ చూపు నాకు నచ్చేది కాదు. నిజం చెప్పాలంటే ఆ ఫోటోల్లో నాకు దుఃఖం కంటే ఎక్కువగా ఇంకేదో కనిపించేది. వాళ్లు ఏదో చేశారు, నేను ఏమీ చెయ్యలేదు అనే సిగ్గు. ఆ వయసుకు ఆ సిగ్గు ఎంత ప్రమాదమో ఇప్పుడు నా క్లాసులో పిల్లల ముఖాలు చూస్తుంటే తెలుస్తుంది. అప్పుడు నాకు చెప్పేవాళ్లు లేరు, చెప్పినా నేను వినేదాన్ని కాదు.

హైదరాబాదులో పెద్ద సభ ఉందని, మన కాలేజీ నుంచి ఒక డీసీఎం వ్యాను పోతోందని సరిత చెప్పింది. కోరుట్ల నుంచి చందుర్తి మీదుగా సిరిసిల్ల, అక్కడినుంచి హైదరాబాదు. అందరూ రెండు రోజుల్లో తిరిగి రావాలనే పోతున్నారు. నేను మాత్రం అలా అనుకోలేదు. బాపు దుబాయిలోనే ఉన్నాడు, ఇంట్లో అమ్మా నేనే. ముందు రోజు మధ్యాహ్నం అమ్మ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయినప్పుడు కూర్చుని ఈ కాగితం రాశాను. తెలంగాణ వస్తేనే ఇంటికి వస్తానని రాశాను. రాకపోతే ఏమవుతుందో చివరి వాక్యంలో రాశాను. ఆ వాక్యం ఇక్కడ మళ్లీ రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ ఫోటోల్లో నా ఫోటో కూడా చేరుతుందని దాని అర్థం. మడిచి కాలేజీ సంచిలో పుస్తకాల మధ్య పెట్టాను. పోయేముందు అమ్మ చాట కింద పెట్టి పోదామని.

తెల్లవారి లేచేసరికి కేబుల్ లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. వ్యాను పదకొండుకు. తొవ్వలో పోలీసులు ఆపుతున్నారో లేదో వార్తలు చూసి రమ్మని సరిత మరీ మరీ చెప్పింది. "ఎలుకలు కొరికినట్టున్నయి వైరు" అంది అమ్మ. ఇంతలో పిలిచినట్టే గౌస్ మామ సంచి పట్టుకుని వచ్చాడు. కేబుల్ వాడు ఈరోజు రాడని, పాత ఏంటెన ఉండగా దిగులెందుకని, అరగంటలో బొమ్మ తెప్పిస్తానని అన్నాడు. "గని నా మోకాలు లేస్తలేదు బేటా. పైకి నువ్వే ఎక్కాలె. నీకు నేర్పిన పనే గద" అన్నాడు. వార్తలు కావలసింది నాకు. ఎగిరి నిచ్చెనెక్కాను. తాడు విప్పి, తుప్పు పట్టిన పైపును తూర్పుకు తిప్పాను.

"అచ్చిందా?" అని అరిచాను.

"రాలే!" లోపలినుంచి అమ్మ.

"ఇప్పుడు?"

"జెర అచ్చి పోయింది బిడ్డా, ఇంక తిప్పు!"

మామ వాకిట్లో నిలబడి అటు ఇటు మాట అందిస్తున్నాడు. మధ్యలో వైరుకు మేకులు కొట్టాలని నిచ్చెన తీసుకుని ముందువైపుకు పోయాడు. నేను పైపు గట్టిగా పట్టుకున్నాను. "ఆఁ! అచ్చింది! అచ్చింది!" అని అమ్మ కేక. వదిలాను. "పోయింది! చెయ్యి ఇడ్వకు బిడ్డా! నువ్వు పట్టుకుంటెనే అస్తున్నది!" ఇది నాకు తెలిసిన రోగమే. మళ్లీ పట్టుకున్నాను. ఎండ నెత్తిమీదికి ఎక్కుతోంది, ఇనుము కాలుతోంది, చున్నీ చుట్టి పట్టుకున్నాను. "వార్తల్ల ఏమంటున్నరే?" అని అడిగితే, "ఆగు, ఇప్పుడే చెప్తరట" అంది. ఇంకాసేపటికి, "సిద్దిపేట కాడ బండ్లన్ని మళ్లగొడుతున్నరట. ఎవ్వల్ని పోనిస్తలేరట" అంది. అయ్యో అనుకున్నాను, కొంచెం తెరిపిన కూడా పడ్డాను. ఆ తెరిపిని అప్పుడు నాకు నేనే ఒప్పుకోలేదు. వ్యాను ఈరోజు కదలదులే అనుకుని, బొమ్మ పోకుండా అలాగే నిలబడ్డాను.

మా స్లాబు మీదినుంచి రెండిళ్ల సందులో పెద్దరోడ్డు ముక్క ఒకటి కనిపిస్తుంది. ఆ ముక్కలోకి జెండాలతో వ్యాను వచ్చింది. ముందు నిలబడి సరిత అరుస్తోంది. నా పేరు కూడా అరిచిందేమో, నాకు అలాగే అనిపించింది. "జమునా!" అని వినపడినట్టే ఉంది. నేను ఒక చెయ్యి ఎత్తాను. కింద నుంచి అమ్మ, "చెయ్యి ఇడ్వకు బిడ్డా! ఇడ్వకు!" అంటోంది. ఆ గొంతులో ఏడుపు ఉందని ఇప్పుడు అనగలను, అప్పుడు చిరాకనుకున్నాను. రెండో చేత్తో పైపు పట్టుకునే పిట్టగోడ దాకా వంగాను. నిచ్చెన లేదు. "మామా! నిచ్చెన!" అని గొంతు చించుకున్నాను. ఆయన వచ్చేసరికి రోడ్డు ముక్క ఖాళీగా ఉంది.

దిగి సంచి కోసం ఉరికితే సంచి ఉతికి దండెం మీద ఆరేసి ఉంది. పుస్తకాలు గూట్లో సర్ది ఉన్నాయి. కాగితం లేదు. ఎవరి చేతిలో పడిందోనని నెలల తరబడి నాకు నిద్ర పట్టలేదు. అమ్మ ఆ రోజు పప్పుచారు, మక్కగట్క వండి, తినమని కంచం ముందర పెట్టింది. నేను కంచం తోసేశాను. పదిరోజులు ఆమెతో మాట్లాడలేదు. సిరిసిల్లలో బట్టలు నేసే సాంచెలు ఆపి మరీ జనం తొవ్వ పొడుగునా నీళ్లు ఇచ్చారని, నగరం అంచున పోలీసులు పట్టుకుని ఒక రాత్రి కూర్చోబెట్టి వదిలేశారని మూడో రోజు తిరిగొచ్చిన సరిత చెప్పింది. దాని గొంతు పూర్తిగా పోయింది. ఆ పోయిన గొంతుతోనే, "మేం లాఠీల ముందట ఉంటే నువ్వు ఏంటెన తిప్పుకుంట నిలవడ్డవా?" అని నవ్వింది. చుట్టూ ఉన్న అందరూ నవ్వారు.

ఆ నవ్వు నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. తెలంగాణ వచ్చిన రోజు బడిలో మిఠాయి పంచుతూ, మీరూ ఉద్యమంలో ఉన్నారా మేడం అని పిల్లలు అడిగితే ఉన్నానని చెప్పాను. ఇంటికి వచ్చి అమ్మ మీద విసుక్కున్నాను. దేనికని ఆమె అడగలేదు. ఇప్పుడు మా ఇంట్లో గోడంత టీవీ ఉంది, ఏ తీగా లేదు, ఎవరూ పట్టుకోనక్కర్లేదు. దాని ముందు మనిషి ఒక్కరే కూర్చుంటారు. అమ్మ సౌండు పెట్టకుండా చూస్తుంది, నేను పక్క గదిలో ఫోనులో చూసుకుంటాను. ఒక బొమ్మకు ముగ్గురం కావలసిన రోజులు మంచివని నేనేమీ అనను, ఎండకు నా చేతులు కమిలిన సంగతి నాకు తెలుసు. కాకపోతే అప్పుడు బొమ్మ వచ్చిందో లేదో ఒకరినొకరు అడగవలసి వచ్చేది, చెప్పింది నమ్మవలసి వచ్చేది.

చింతపండు పాఠం ముగించుకుని అమ్మ వచ్చింది. నా చేతిలో కాగితం చూసింది, నేలమీది పైపు చూసింది. బండ మీద నా పక్కనే కూర్చుంది.

"దొరికిందా?" అంది.

"నీకెట్ల తెలుసే గీ కాగితం?"

"రెండు దినాల సంది నువ్వు నాతోని కొట్లాడలే. అన్నం పెడితె మారుమాటాడకుంట తింటివి. గప్పుడే గుండెల రాయి పడ్డది. ఆ రాత్రి నువ్వు నీళ్లు పోసుకోవోతె సంచి ఎతికిన. గౌసన్న దగ్గరికి ఉరికిన. ఆయన ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట చదువుతుంటె, ఒక్కొక్క అక్షరానికి నా పానం పోయింది. ఆయనే కేబుల్ వైరు కోసిండు."

"మరి బొమ్మ?"

"మొదటిసారికే అచ్చింది. అద్దం లెక్క అచ్చింది."

"సిద్దిపేట కాడ బండ్లు ఆపుతున్నరంటివి?"

"వరికి ఏ మందు కొట్టాలెనో చెప్తుండె టీవీల. నాకెట్ల తెలుస్తది సిద్దిపేట సంగతి!"

నాకు కోపం వచ్చింది. నిజంగానే, ఇన్నేళ్ల సిగ్గంతా కలుపుకుని వచ్చింది. "మోసం జేసినవే! అందరు మంచిగనే తిరిగచ్చిరి గద. నన్నొక్కదాన్ని ఆపినవు" అన్నాను. "అవు, జేసిన" అంది అమ్మ. "గా సరిత సంచిల గిసొంటి కాగితం ఉండెనా? నీ సంచిల ఉండె." పోయినవాళ్లు తిరిగి రావాలని పోయారు. అమ్మ నన్ను ఆపింది హైదరాబాదు పోకుండా కాదు. గౌస్ మామ చనిపోయి రెండేళ్లయింది. చివరిసారి చూడబోయినప్పుడు కూడా నా చెయ్యి పట్టుకుని, "ఇంక కొట్లాడుతున్నవా బేటా అమ్మతోని? మంచిది, కొట్లాడు" అన్నాడు. జ్వరంలో మాట అనుకున్నాను.

"చింపెయ్యక ఎందుకు దాచినవ్?"

"చింపుదామంటె నీ చేతిరాత. ఇంట్ల ఉంచుదామంటె భయం. గౌసన్ననే మర్నాడు పైకెక్కి పైపుల పెట్టిండు." కాగితం మీద వేలు పెట్టి, "ఒకపారి చదువు" అంది. "ఆయన ముక్కలు ముక్కలు చదివిండు. నువ్వు పూరాగ చదువు, నేనింట."

చదివాను. అమ్మా అని మొదలుపెట్టి, నన్ను క్షమించు దగ్గరికి, తెలంగాణ వస్తేనే ఇంటికి వస్తాను దగ్గరికి వచ్చాను. చివరి వాక్యం ముందు ఆగాను. అమ్మ నా నోటివైపే చూస్తోంది. కాగితం మీదినుంచి కళ్లు ఎత్తకుండానే చదివాను: "రాకపోయినా వస్తాను. అన్నం తిను. బీడీలు ఎక్కువ చుట్టకు, నడుం నొస్తుంది."

మేస్త్రీ మొదటి సుత్తిదెబ్బ వేశాడు, పైనుంచి సిమెంటు పెళ్ల ఒకటి వాకిట్లో పడింది.

"గౌసన్న గట్ల చదువలే" అంది.

ఆమె నా చేతిలోంచి కాగితం తీసుకుంది. అక్షరాలు తలకిందులుగా ఉన్నాయని కూడా తెలియకుండా కాసేపు చూసి, మడిచి, రవికలో పెట్టుకుంది.

"నువ్వు చదివిందే మంచిగున్నది" అంది. "గదే ఉండనియ్యి."